తోక చూడు, రెక్క చూడు: పొలం మీద తిరిగే గద్దను గుర్తుపట్టేదెట్లా?

(ఎల్బీనగర్‌లో జరిగిన సంఘం అధ్యయన తరగతిలో మధ్యాహ్నం పూట చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చాలావరకు అట్లే ఉంచాం.)



పొద్దున్నుంచి మద్దతు ధర గురించి, కౌలు రైతు గురించి, కరెంటు మోటార్ల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు భోజనాలైనయి, కండ్లు మూతలు పడే సమయం. ఈ సమయంలో నన్ను గద్దల గురించి మాట్లాడమన్నారు. ఇందాక భోజనాల దగ్గర ఒక అన్న అడిగిండు: "ధర లేక మేం చస్తుంటే నీకు గద్దల ముచ్చటేందే?" అని. ఆ అన్న అడిగింది న్యాయమే. ఆ ప్రశ్నకు జవాబు చివర్లో చెప్తా. ముందు నేను ఇందులోకి ఎట్లా వచ్చిన్నో వినండి.

నేను చదివింది పదో తరగతి. మాది ఇబ్రహీంపట్నం అవతల ఊరు. నాలుగెకరాల పొలం, రెండెకరాల చెల్క. మా తమ్ముడు ఇక్కడే ఎల్బీనగర్‌లో ఉంటడు. రెండేండ్ల కింద ఆస్పత్రి పని మీద వచ్చి, మా తమ్ముని బిడ్డతోటి దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ ఎక్కిన. మీరూ ఎక్కే ఉంటరు. 2018 నుంచి మియాపూర్ రైలు ఎల్బీనగర్ దాకా వస్తోంది కదా. స్టేషన్ పైన నిలబడితే కింద బజారు, మన కండ్ల ఎదురుగా గద్దలు. కింద నుంచి ఎప్పుడూ నల్ల మచ్చలాగ కనబడే పక్షి, అక్కడ మన తల ఎత్తులో తిరుగుతది. రెక్క మీది ఈకలు కూడా లెక్కపెట్టొచ్చు.

ఆ పిల్ల అడిగింది: "పెదనాయినా, అదేం పక్షి?"

"గద్ద బిడ్డా."

"ఏ గద్ద?"

నాకు జవాబు లేదు. యాభై ఏండ్లు పొలంలో బతికినోణ్ణి. వరిలో ఏ తెగులొచ్చిందో గట్టు మీది నుంచే చెప్తా. ఎద్దు నడక చూసి దాని వయసు చెప్తా. నెత్తి మీద రోజూ తిరిగే పక్షి మాత్రం 'గద్ద', అంతే. పట్నంలో పుట్టిన పిల్ల ముందు సిగ్గుపడ్డ. ఆ రోజు నుంచి నేర్చుకుంటున్నా. ఇప్పటికీ నాకు తెలిసింది కొంచెమే. ఆ కొంచెమే మీకు చెప్తా.

రంగు తర్వాత, ఆకారం ముందు

మొదటి పాఠం: ఎగిరే పక్షిని రంగుతోటి గుర్తుపట్టబోతే మోసపోతం. ఎండకు ఎదురుగా ఏ పక్షైనా నల్లగనే కనబడతది. పిల్లలది ఒక రంగు, పెద్దవాటిది ఒక రంగు. కొన్నిట్లో మగది ఒక తీరు, ఆడది ఒక తీరు. మనం దూరం నుంచి మనిషిని ఎట్లా గుర్తుపడతం? అంగీ చూసి కాదు, నడక చూసి. అట్లనే పక్షిని కూడా నాలుగు ప్రశ్నలు అడగాలె.

ఒకటి, తోక ఎట్లుంది? చీలి ఉందా, గుండ్రంగా ఉందా, పొడుగా, పొట్టా?

రెండు, రెక్క ఎట్లుంది? వెడల్పుగా ఉండి చివర్న వేళ్ళు విప్పినట్టుందా? కొడవలి మొనలాగ సన్నగా ఉందా? పొట్టిగా గుండ్రంగా ఉందా?

మూడు, ఎట్లా ఎగురుతుంది? రెక్కలు కదపకుండా సుళ్ళు తిరుగుతుందా? ఒకే చోట గాలిలో నిలబడుతుందా? నాలుగు సార్లు కొట్టి జారుతుందా? నేలకు ఆనుకొని పోతుందా?

నాలుగు, ఎక్కడ, ఏ నెలలో? చెరువు మీదనా, చెల్క మీదనా, బజారు మీదనా? వానకాలమా, చలికాలమా?

ఈ నాలుగూ అడిగినంక, చివరికి రంగు. ఇది నేను కనిపెట్టింది కాదు. పక్షులు చూసేవాళ్ళందరూ పాటించే పద్ధతి ఇదే. నాకు మాత్రం పశువుల సంతలో బేరం చేసినట్టే అనిపిస్తది. చుట్టూ తిరిగి అన్నీ చూసినంకే మాట.

దిల్‌సుఖ్‌నగర్ ఆకాశం

ఇక్కడ, మన నెత్తి మీద తిరిగేదానితోటే మొదలుపెడదాం. బయటికి పోయి పైకి చూస్తే పదిట్లో తొమ్మిది సార్లు కనబడేది మామూలు గద్ద. నల్ల గద్ద అని కూడా అంటరు. దాని గుర్తు తోక. మడిచినప్పుడు చేప తోకలాగ మధ్యలో చీలి ఉంటది. బాగా విప్పితే ఆ చీలిక పోయి అంచు తిన్నగా కనబడతది. అందుకే ఒక్కసారి చూసి వదిలేయొద్దు, రెండు మలుపులు తిరిగేదాకా చూడాలె. ఇంకో గుర్తు, ఆ తోకను పడవ చుక్కానిలాగ ఎప్పుడూ ఇటూ అటూ తిప్పుతనే ఉంటది. రెక్కలు పొడుగ్గా ఉండి మణికట్టు దగ్గర వంగి ఉంటయి. ఈ పక్షికి మనిషి దగ్గరే బతుకు. మాంసం కొట్లు, చెత్త కుప్పలు, ఎలుకలు, తొలకరికి లేచే ఉసిళ్ళు, ఏదైనా తింటది. సెల్ టవర్ మీద కూడా గూడు పెడతది.

మనలో చాలామందికి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ తెలుసు. నేను కూడా బత్తాయి బండి మీద కూసుండి తెల్లారగట్ల కొత్తపేటకు వచ్చినోణ్ణే. వేలంపాట అయ్యేదాకా చెయ్యడానికి పనేం ఉండేది కాదు, పైకి చూసుకుంట కూసుండేది. మార్కెట్ ఎలుకల కోసం, పారేసిన తిండి కోసం గద్దలు తిరిగేవి. 2022లో ఆ మార్కెట్‌ను అక్కడి నుంచి తీసేసి బాటసింగారం పంపిండ్రు. మనం అటు పోయినం. గద్దలు ఇక్కడ బతకడానికి ఇంకేదో చూసుకున్నయి. తరలించేటప్పుడు మననీ అడగలేదు, వాటినీ అడగలేదు.

రెండోది కృష్ణ గద్ద. దీన్నే గరుడ పక్షి అని మొక్కుతం. పెద్దదైతే ఎవరైనా గుర్తుపడతరు. తల, రొమ్ము తెల్లన, మిగతా ఒళ్ళు ఇటుక రంగు. చెరువులు, నీళ్ళు ఉన్నచోట చూడాలె. చిక్కంతా దీని పిల్లతోనే. అది గోధుమ రంగులో ఉండి మామూలు గద్దలాగనే కనబడతది. అప్పుడు మళ్ళీ తోక అడగండి. కృష్ణ గద్ద తోక చివర గుండ్రంగా ఉంటది, చీలిక ఉండదు. సరూర్‌నగర్ చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది, 1626లో తవ్వించిండ్రని చెప్తరు. అట్లాంటి చెరువు కట్ట మీద పొద్దున ఒక గంట నిలబడితే ఈ తేడా పట్టుబడతది.

మూడోది జాలె డేగ. షిక్రా అని కూడా అంటరు. పావురం అంత ఉంటది. పెద్ద చెట్లున్న కాలనీల్లో, తోటల్లో, ఊళ్ళల్లో ఉంటది. రెక్కలు పొట్టిగా గుండ్రంగా ఉంటయి, తోక పొడుగు. నాలుగైదు సార్లు టపటపా కొట్టి జారుతది, మళ్ళీ కొట్టి జారుతది. ఉడుతలు ఒక్కసారిగా అరిచి కొమ్మ చాటుకు పోయినయంటే ఇది వచ్చిందనుకోండి. రొమ్ము మీద సన్నని అడ్డ చారలు. ఇంకో సంగతి, డేగ కోయిల అనే పక్షి ఉంది. అచ్చం ఈ డేగ వేషమే. ఎండాకాలం గొంతు పెంచుకుంట పెంచుకుంట అరిచేది అదే. అది వేట పక్షి కాదు, పురుగులు తినే కోయిల జాతి.

నాలుగోది, పట్నంలో పావురాలను గాలిలోనే కొట్టేది, బైరి డేగ. రెక్కలు మొనదేలి, ఎక్కుపెట్టిన విల్లులాగ కనబడతది. పై నుంచి దూకినప్పుడు గంటకు 300 కిలోమీటర్లు దాటే వేగం. భూమ్మీద దాన్ని మించిన వేగం ఏ జంతువుకూ లేదు. చలికాలంలో ఎత్తైన కట్టడాల మీద అదృష్టం ఉంటే కనబడతది.

ఎల్బీనగర్ దాటితే వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు నిజాం వేట అడవి. మహావీరుని 2500వ నిర్వాణ వార్షికం సందర్భంగా 1975లో ఆ పేరు పెట్టిండ్రు. 14.59 చదరపు కిలోమీటర్లు. కృష్ణజింకల కోసం కాపాడుకుంటున్నరు. చుట్టూ ఇండ్లు లేసినా లోపల గడ్డి, తుప్పలు, చెల్క నేల మిగిలినయి. అది మన చెల్కల పాత రూపం. ఒక్కసారి పిల్లల్ని తీసుకొని పోండి. మన పొలాల మీద తిరగాల్సినవి ఏమేం పక్షులో తెలవాలంటే అట్లాంటి చోటే చూడాలె.

పొలం మీది పక్షులు

ఇప్పుడు మన అసలు విషయానికి వద్దాం.

కరెంటు తీగ మీద కూసుండి తోక కిందికీ పైకీ ఆడించే తెల్లని పక్షిని చూసిండ్రా? కాకి కన్న చిన్నది. భుజాల మీద నల్లని మచ్చ, కన్ను ఎర్రన. గాల్లోకి లేచి ఒకే చోట రెక్కలు కొట్టుకుంట నిలబడతది. కాళ్ళు కిందికి వేలాడేసి మెల్లమెల్లగ దిగి, చివరికి రెక్కలు పైకెత్తి ఎలుక మీద పడతది. దీనికి మన పెద్దలు పెట్టిన పేరు అడవి రామదాసు. జెర్డాన్ అనే ఆంగ్లేయ సైనిక వైద్యుడు 19వ శతాబ్దంలో నెల్లూరులో పనిచేసిండు. పల్లెజనం నోట విన్న పక్షుల పేర్లు తన పుస్తకంలో ఎక్కించిండు. అట్లా ఈ పేరు మిగిలింది. మన నోట్లో మాత్రం మిగల్లేదు. దీని ముఖ్యమైన తిండి ఎలుకలు, చిట్టెలుకలు. పొలం కాపలాకు జీతం అడగని జీతగాడు ఇది.

దీన్ని ఇంకోదానితోటి పొరపడతం. చలికాలంలో వచ్చే తొండల డేగ కూడా గాల్లో ఒకే చోట నిలబడతది. తేడా ఏంది? దాని వీపు ఇటుక రంగు, రెక్కలు మొనదేలి ఉంటయి. నిలబడేటప్పుడు తోకను విసనకర్రలాగ విప్పుతది. ఆ తోక చివర నల్లని పట్టీ. తెల్లగా ఉండి భుజం నల్లగా ఉంటే అడవి రామదాసు, ఎర్రగా ఉండి తోక విసనకర్ర అయితే తొండల డేగ. ఒకే చోట నిలబడేది పెద్ద పక్షైతే, పెద్ద తల, కింద తెల్లని ఒళ్ళు ఉంటే అది పాముల గద్ద. మిడతలు, తొండలు తినేది ఒకటి, పాములు తినేది ఒకటి. రెండూ మన పక్షమే.

అక్టోబరు నుంచి మార్చి దాకా శెనగ చేన్ల మీద, బీళ్ళ మీద నేలకు ఆనుకొని, రెక్కలు రెండూ పైకెత్తి మొక్కినట్టు పెట్టి, అటూ ఇటూ ఒరుగుతూ పోయే పక్షులుంటయి. పిల్లి గద్దలు. ఆ నడక చూస్తే పేరు ఎందుకొచ్చిందో తెలుస్తది. మగది బూడిద రంగు, రెక్క చివరలు నలుపు. ఆడది గోధుమ రంగు, తోక మొదట్లో తెల్లని పట్టీ. మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి మన మిడతలు తింటయి. రాత్రి చెట్టెక్కవు, గడ్డిలో నేల మీదే పడుకుంటయి. కర్నూలు వైపు రోళ్ళపాడులో బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యం ఏర్పడింది. అక్కడి గడ్డిలో చలికాలం ఈ పిల్లి గద్దలు గుంపులుగా రాత్రి దిగేవి. బీడు అంటే పనికిరాని భూమి అని రికార్డుల్లో రాస్తరు. పిల్లి గద్దకు అదే ఇల్లు. మన గొర్లకు మేత కూడా అదే.

నా చేతి తప్పు

ఇక నా ముచ్చట. ఇది చెప్పాల్నా వద్దా అని చాలా రోజులు ఆలోచించిన. ఆరేడేండ్ల కింద యాసంగి వరిలో ఎలుకలు పడ్డయి. దుకాణంలో ఎలుకల మందు తెచ్చి, నూకల్లో నూనె కలిపి గట్ల పొంటి చల్లిన. బొరియల్లో పెట్టాల్సింది పైపైన పెట్టిన. చచ్చిన ఎలుకల్ని ఏరలేదు. అప్పటికి మా తుమ్మ చెట్టు మీద తెల్ల గద్దల జంట గూడు పెట్టింది. పేరు తెలవదు, ఉందని మాత్రం తెలుసు.

వారం లోపల ఒకటి కరెంటు స్తంభం కింద కూసుని ఉంది. దగ్గరికి పోయినా లేవలేదు. ముక్కు దగ్గర నెత్తురు. నీళ్ళు పోసిన, తాగలేదు. సాయంత్రానికి పోయింది. రెండోది మూడు రోజులు తీగ మీద కూసుని అరిచింది, తర్వాత కనబడలేదు. గూట్లో పిల్లలున్నయో లేవో నేను ఎక్కి చూడలేదు. చూసే ధైర్యం లేకుండె.

తర్వాత తెలుసుకున్న. బ్రోమోడయోలోన్ లాంటి మందు తిన్న ఎలుక వెంటనే చావదు. నెత్తురు గడ్డకట్టే గుణం పోయి, రోజుల తరబడి లోపల నెత్తురు కారి చస్తది. ఆ రోజుల్లో అది మత్తుగా, నిదానంగా తిరుగుతది. గద్దకు సులభంగా దొరికేది అట్లాంటి ఎలుకే. ఆ విషం గద్ద ఒంట్లోకి పోతది. నా ఎలుకల్ని పట్టే పక్షిని నా చేత్తోనే చంపుకున్న. ఆ మరుసటి పంటకు ఎలుకలు మళ్ళీ వచ్చినయి, గద్ద రాలేదు.

ఇంకో ముచ్చట. పోయిన ఏడు మా పక్క పొలం అన్న కోడిపిల్లలు పోతున్నయని గులేరు పట్టుకొని తీగ మీది తెల్ల గద్ద వెంట పడ్డడు. "ఆగే అన్నా, ఇది ఎలుకలది. నీ కోడిపిల్లను ఎత్తుకపోయినదాని తోక ఎట్లుంది?" అన్న. "పొడుగ్గ ఉండె, చింతచెట్ల నుంచి సర్రున వచ్చి సర్రున పోయింది" అన్నడు. పొట్టి రెక్క, పొడుగు తోక, చెట్ల చాటు, అంటే జాలె డేగ. శిక్ష ఒకదానికి, నేరం ఇంకోదానిది. డేగను కూడా కొట్టొద్దు, కోడిపిల్లల్ని రెండు వారాలు గంప కిందనో వల కిందనో ఉంచు అని చెప్పిన. మొదట తిట్టిండు, తర్వాత వల కట్టిండు. పక్షిని గుర్తుపట్టడమంటే నాకు ఆ రోజు అర్థమైంది. ఎవరు దొంగ, ఎవరు కావలి అని తేల్చుకోవడమే అది.

ఆకాశంలో ఖాళీ అయిన జాగ

మా చిన్నప్పుడు ఎద్దు చస్తే ఊరి బయట వేసేవాళ్ళు. మధ్యాహ్నానికి రాబందులు దిగేవి. వెడల్పాటి రెక్కలు, చివర్న విప్పిన వేళ్ళు, పొట్టి తోక, చిన్న తల. రెక్క కదపకుండా గంటలు తిరిగేవి. సాయంత్రానికి ఎముకలు మిగిలేవి. ఈ గదిలో ముప్పై ఏండ్ల లోపు వాళ్ళు రాబందును పొలంలో చూసిండ్రా? చెయ్యెత్తండి. చూడండి, ఒక్క చెయ్యి లేవలేదు.

ఏమైంది? పశువుల నొప్పికి వేసే డైక్లోఫినాక్ సూది. ఆ సూది వేసినంక చచ్చిన పశువును తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై చస్తది. 2004లో శాస్త్రవేత్తలు ఇది తేల్చిండ్రు. తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 మధ్య వెయ్యిట్లో ఒకటి మిగిలింది. 2006లో పశువుల డైక్లోఫినాక్ నిషేధించిండ్రు. మనుషుల మందు పెద్ద సీసాలు పశువులకు వాడుతున్నరని 2015లో వాటినీ ఆపిండ్రు. 2023లో ఎసిక్లోఫినాక్, కీటోప్రొఫెన్‌లను కూడా పశువులకు నిషేధించిండ్రు. రాబందులు పోయినంక కళేబరాలు కుక్కల పాలైనయి, నీళ్ళల్లో కుళ్ళినయి. ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో అచ్చేసిన అధ్యయనంలో, 2000 నుంచి 2005 దాకా ఐదేండ్లలో దేశంలో దాదాపు ఐదు లక్షల మంది మనుషుల అదనపు చావులకు రాబందుల పతనం కారణమని లెక్కగట్టిండ్రు. సూది వేయించింది మనమే. కానీ దాని సంగతి మనకెవరు చెప్పిండ్రు? ఎద్దు కుంటుతుంటే చూడలేక వేయించినం.

తెలంగాణలో బెజ్జూరు వైపు పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగు ముక్కు రాబందుల గూళ్ళు కనబడ్డయి. మన నెహ్రూ జూపార్కులో పెంపక కేంద్రం పెట్టిండ్రు. ఒకప్పుడు ఊరూరా ఉన్న పక్షిని ఇప్పుడు పంజరంలో పొదిగించుకుంటున్నం.

ఇప్పుడు భోజనాల దగ్గరి అన్న ప్రశ్నకు వస్తా. 1995-96లో అర్జెంటీనాలో ఏం జరిగిందో వినండి. ఉత్తర అమెరికా నుంచి స్వైన్సన్ డేగలు చలికాలం గడపడానికి అక్కడికి పోతయి. చేన్లల్లో మిడతలు తింటయి. మిడతల మీద రైతులు మందు కొట్టిండ్రు. చెట్ల కింద వేల డేగలు రాలినయి. ఇరవై వేల దాకా చచ్చి ఉంటయని అంచనా వేసిండ్రు. ఆ మందు పేరు తెలుసా? మోనోక్రోటోఫాస్. మనం పత్తికి కొట్టిన 'మోనో' అదే. మన దేశంలో 2005లో కూరగాయల మీద నిషేధించిండ్రు. పత్తి మీద నడిచింది. 2017లో యవత్మాల్ పత్తి చేన్లల్లో పురుగుమందులు కొట్టుకుంట ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయిండ్రు. ఆ మందుల్లో మోనో కూడా ఉంది. 36 శాతం మోనో మీద నిషేధ ఉత్తర్వు వచ్చింది 2023లో. అర్జెంటీనాలో డేగలు రాలినప్పుడే మనకు చెప్పి ఉంటే?

అన్నా, ఇదీ నా జవాబు. ఆకాశంలో పక్షి రాలిందంటే అది మనకు ముందస్తు నోటీసు. డేగను చంపిన మందు పంపు మోసే మనిషిని వదిలిపెట్టదు. ధర గురించి కొట్లాడాల్సిందే. ఆ ధర తీసుకోవడానికి మనిషి బతికి ఉండాలె కదా.

ఏం చేద్దాం

"మందు లేకుంటే పంట ఎట్లా?" అని అడుగుతరు. మొత్తం మానమని నేను చెప్పను, నేనే మానలేదు. చేయగలిగింది చెప్తా.

ఎలుకల సంగతి: ఒక్కడు చేస్తే పక్క పొలం నుంచి వస్తయి. పంట లేనప్పుడు, పొట్ట దశకు ముందు, ఆయకట్టంతా కలిసి బొరియలు తవ్వడం, పొగబెట్టడం, బుట్టలు పెట్టడం చేయాలె. గట్లు సన్నగా ఉంచాలె. మందు తప్పకపోతే బొరియ లోపలే పెట్టి మూయాలె. పొద్దున సాయంత్రం తిరిగి చచ్చిన ఎలుకల్ని ఏరి లోతుగా పాతాలె. చచ్చిన జంతువుకు గుళికలు పూసి పడేసే పని ఎవరూ చేయొద్దు.

పక్షి స్థావరాలు: ఎకరాకు పది దాకా టీ ఆకారం కర్రలు పాతండి. గట్టు మీది తుమ్మను, వేపను కొట్టకండి. రాత్రి కాపలా గుడ్లగూబది. దాన్ని అపశకునమని రాళ్ళతో కొట్టకండి.

పశువులకు: నొప్పి సూది వేస్తుంటే పేరు అడగండి. రాబందులకు హాని లేని మెలాక్సికామ్ ఉంది, అది వేయమనండి.

దారం: సంక్రాంతికి పిల్లలకు చైనా మాంజా కొనకండి. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది. ఆ దారం గద్ద రెక్కనూ కోస్తది, బండి మీద పోయే మనిషి గొంతునూ కోస్తది.

చట్టం: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గద్దలు, డేగలు, రాబందులు రక్షిత పక్షులు. కొట్టడం, గూడు పీకడం నేరం. దెబ్బ తగిలిన పక్షి దొరికితే అట్టపెట్టెలో చీకట్లో ఉంచి అటవీ శాఖకు చెప్పండి. నోట్లో నీళ్ళు పోయకండి. నేను చేసిన తప్పుల్లో అదొకటి.

సంఘం తరఫున మనం అడగాల్సినవి కూడా ఉన్నయి. ప్రతి మందు డబ్బా మీద, ఇది ఏ పక్షిని, ఏ జంతువును చంపుతదో తెలుగులో, చదవగలిగే సైజు అక్షరాల్లో రాయాలె. నిషేధించిన మందు పాత నిల్వ పేరుతో పల్లె దుకాణాల్లో అమ్మకుండా చూడాలె. రైతు శిక్షణల్లో ఎలుకల సామూహిక నివారణకు ఖర్చు పెట్టాలె. విషం అమ్మినోడికి లాభం, వాడిన రైతుకు నేరం, ఈ లెక్క చెల్లదు.

సాధ్యమైతదా అంటరా? నాగాలాండ్‌లో దోయాంగ్ జలాశయం దగ్గర 2012లో అముర్ డేగల్ని వలలేసి వేల సంఖ్యలో చంపి అమ్మిండ్రు. సైబీరియా నుంచి ఆఫ్రికాకు పోతూ అక్కడ ఆగే పక్షులవి. ఊరి పెద్దలు, చర్చి, ప్రభుత్వం కలిసి కూసుని తీర్మానం చేసిండ్రు. మరుసటేడు, 2013లో, ఒక్క పక్షినీ చంపలేదు. మూడు పక్షులకు ఉపగ్రహ యంత్రాలు కట్టి, నాగా, వోఖా, పంగ్తి అని తమ జాగల పేర్లే పెట్టిండ్రు. పంగ్తి అంటే ఒక ఊరు. పట్టుకున్న ఊరి పేరే కాపాడిన ఊరి పేరైంది. ఊరు అనుకుంటే ఒక్క ఏడాది చాలు.

మీరందరూ ఇంటికి పోయి చేయాల్సిన పని ఒక్కటే. ఈ నెల రోజులు పొలం పోయినప్పుడు ఐదు నిమిషాలు పైకి చూడండి. తోక, రెక్క, నడత, జాగ, నాలుగూ ఒక నోటు బుక్కులో రాయండి. పేరు తెలవకుంటే బొమ్మ గీయండి. వచ్చే తరగతికి తెండి, అందరం కలిసి పేర్లు పెడదాం. నాకు తెలవనివి మీ దగ్గర చాలా ఉంటయి. మీ అమ్మమ్మల నోట్లో ఉన్న పేర్లు కూడా రాయండి, పోకముందే.

పోయిన నెల మా తుమ్మ చెట్టు మీద మళ్ళీ ఒక తెల్లది వచ్చి కూసుంది. ఒక్కటే. జోడీ ఇంకా రాలేదు. ఈ యాసంగి మా ఆయకట్టులో పదకొండు మందిమి కలిసి బొరియలు తవ్వుతున్నం, మందు పెట్టడం లేదు. ఫలితం ఎట్లుంటదో పంట కోసినంక వచ్చి చెప్తా. ఎలుకలు తింటే తిన్నయనే చెప్తా, అబద్ధం చెప్పను.

మా తమ్ముని బిడ్డకు ఫోన్ చేసి చెప్పిన, "అడవి రామదాసు వచ్చింది బిడ్డా" అని. "ఏ గద్ద?" అని ఈసారి అడగలేదు.

 టీ వచ్చినట్టుంది. తాగేటప్పుడు బయట నిలబడి ఒక్కసారి పైకి చూడండి.